కల్యాణికి బయటి మద్దతు

విశ్వకర్మ పూజనాటి సాయంత్రం ట్రాఫిక్ ఆంధ్ర సంక్షేమ సమితి అధ్యక్షులు శ్రీ నగరేశ్వరరావు గారు మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, చరిత్రలో నిలిచిపోదగ్గ ప్రకటన ఒకటి చేశారు.

"ఈ రోజు నుంచి మన కల్యాణి ఎవరి దయ మీదా ఆధారపడదు. బయట నిలబడి మద్దతిస్తున్న ఎక్స్‌టెన్షన్లన్నిటినీ లోపలికి తీసుకుంటున్నాం. ఇక అన్నీ కోర్‌లోనే. కోర్ బలంగా ఉంటేనే సమాజం బలంగా ఉంటుంది."

జనం చప్పట్లు కొట్టారు. ఢిల్లీలో ప్రభుత్వాలు బయటి మద్దతు మీద నిలబడి, ఆ మద్దతు లాగెయ్యగానే కూలబడుతున్న రోజులవి. సభలో సగం మంది ఆ సంగతనుకుని కొట్టారు. మిగతా సగం మంది ఉపన్యాసం అయిపోయిందనుకుని కొట్టారు. విషయం అర్థమై చప్పట్లు కొట్టినవాడు హరనాథ్ ఒక్కడే. కల్యాణిని పుట్టించింది అతనే కాబట్టి అర్థం కావడంలో వింత లేదు.

కల్యాణి మనిషి కాదు, కంప్యూటర్ ప్రోగ్రాం. ట్రాఫిక్ సెటిల్‌మెంట్ అంటే ఆ బెంగాలీ ఊళ్ళో రైల్వేవాళ్ళుండే పేట. అక్కడ సమితికి ఒక ఫంక్షన్ హాలుంది. తెలుగువాళ్ళకే కాదు, అడిగిన వాళ్ళందరికీ ఇస్తారు. ఒకసారి ఒకే రోజుకి రెండు పెళ్ళిళ్ళు పడి, ఒక పెళ్ళికొడుకు ఇంకొకరి పీటల మీద కూర్చుని తలంబ్రాల దాకా వచ్చాక, బుకింగులు కంప్యూటర్‌కి ఎక్కించాలని సమితి తీర్మానించింది. అప్పుడు రైల్వే గుమాస్తా హరనాథ్ ముందుకొచ్చాడు. టైపు ఇన్‌స్టిట్యూట్లన్నీ తెల్లారేసరికి కంప్యూటర్ సెంటర్లయిపోతున్న కాలం కదా, అతను కూడా గోల్‌బజార్‌లో సాయంత్రం క్లాసులకి వెళ్ళి ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నదంతా కల్యాణిలో పెట్టేశాడు. తన దగ్గర ఇంకేమీ మిగుల్చుకోలేదు.

కల్యాణి తెరిస్తే ముందు గంట మోగేది. తర్వాత "రూపకల్పన: హరనాథ్" అని పెద్ద ఇంగ్లీషు అక్షరాలు ఎడమ నుంచి కుడికి నడిచేవి. ప్రోగ్రాం మొత్తంలో అతను బాగా కష్టపడి రాసింది ఆ ముక్కే. ఆ తర్వాత ఏ తేదీ, ఏం కార్యక్రమం అని అడిగేది. హాలు ఖాళీ ఉంటే రసీదు ఇచ్చేది, లేకపోతే లేదనేది. హరనాథ్ భాషలో కోర్ అంటే అదే. అంతకు మించి దానికి తెలియదు. తెలియదు కాబట్టి చక్కగా పనిచేసేది.

ఇంతలో ఊళ్ళో ఉన్న పెద్ద ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో రీసెర్చ్ చేసే మురళీ అనే విజయవాడ కుర్రాడు సెలవురోజున భోజనానికని ట్రాఫిక్ వచ్చి, కల్యాణిని చూసి, ముచ్చటపడి దానికి బయటినుంచి తగిలించుకునే ఎక్స్‌టెన్షన్ ఒకటి రాసిచ్చాడు. దాని పేరు పంచాంగం. విడిగా ఫ్లాపీలో ఉండేది. "పంచాంగం చూడాలా?" అని ముందే అడిగేది. వై నొక్కితే ఆ రోజు మూఢమో, ఆషాఢమో, మంచి ముహూర్తమో చెప్పేది. ఎన్ నొక్కితే నోరు మూసుకునేది. ఆ ఒక్క ఫ్లాపీతో జనం విరగబడ్డారు.

అది చూసి బెంగాలీల పేట సుభాష్‌పల్లి నుంచి హోమియో డాక్టరు నిమాయ్ దాదా పంజిక, అంటే బెంగాలీ పంచాంగం, రాయించి తెచ్చాడు. మిషన్ స్కూలు ఆలిస్ టీచరు ఈస్టరు ముందు లెంటు ఉపవాసాల రోజుల్లో పెళ్ళిళ్ళు పెట్టుకోకుండా ఒకటి, ఏ ఫంక్షన్‌లో ఏది ముందు ఏది వెనక జరగాలో కార్యక్రమ పత్రం అచ్చువేసేది ఇంకొకటి తెచ్చింది. కరెంటు కోత వేళలు చెప్పేది, పిల్లల పరీక్షలప్పుడు మైకు వద్దనేది, ఒరియా పండగలది కూడా వచ్చాయి. ఎవరికి కావలసిన ఫ్లాపీ వాళ్ళు పెట్టించుకునేవారు. అందరూ సుఖంగా ఉన్నారు, హరనాథ్ తప్ప.

అతని సుఖం పోయిన రోజు ఇదీ. గోల్‌బజార్ బట్టలకొట్టు కన్యకాంబ గారు మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి హాలు మాట్లాడుకోడానికి వచ్చారు.

"బాబూ, మురళీ గారి పంచాంగం ఏదీ?" అన్నారావిడ కుర్చీలో కూర్చుంటూనే.

"ఉందండి. ముందు కల్యాణిలో తేదీ చూద్దాం."

"కల్యాణీ గిల్యాణీ నాకెందుకు? మురళీ గారి ప్లాపీ ఎట్టు. అది సెప్తాది."

"కల్యాణి లేకపోతే ఆ ఫ్లాపీ నడవదండి."

"అలగా? మరి కల్యాణిని ఎవరు సేసినారు?"

హరనాథ్ చొక్కా సర్దుకున్నాడు. "నేనేనండి."

"మంచిది బాబూ. మురళీ గారికి సాయంగా ఉంటన్నావు. ఆయన దగ్గిర బాగా నేర్సుకో, నువ్వూ పైకొస్తావు."

మురళీకి మీసం ఇంకా పూర్తిగా రాలేదు. హరనాథ్‌కి వచ్చిన మీసం నెరిసింది కూడాను. అతను ఫ్లాపీ పెట్టాడు. గంట మోగింది, అతని పేరు ఎడమ నుంచి కుడికి నడిచి వెళ్ళింది. ఆ సమయంలో కన్యకాంబ గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

ఆ రోజు ఇంట్లో అతను అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏటండి, కూర బాగులేదా?" అంది భార్య లీలావతి.

"కోర్ ముఖ్యమా, ఎక్స్‌టెన్షన్ ముఖ్యమా? చెప్పు."

"మీకు ఆ కుర్రాడి మీద కుళ్ళు."

"కుళ్ళు కాదు. ఆర్కిటెక్చర్."

కుళ్ళే. ఆ సంగతి లీలావతి కంటే అతనికే బాగా తెలుసు. పోపు మరొకరిదైతే పప్పు వండినవాణ్ణి ఎవరూ తలుచుకోరు. లోకం అలా ఉందని సరిపెట్టుకోవచ్చు. కానీ హరనాథ్ జీవితంలో చేసిందల్లా ఆ పప్పు ఒక్కటే. ట్రాఫిక్‌లో నలుగురూ కల్యాణి పేరు చెప్పి తనని తలుచుకోవాలి. పోయేలోగా ఒక్కసారి ఆ హాల్లో, ఆ వేదిక మీద, ఎవరైనా తనకో శాలువా కప్పాలి. అతనికి కావలసింది అంతే, అది కూడా ఎక్కువేమీ కాదని అతని అభిప్రాయం.

మర్నాడు ఆఫీసు అయ్యాక నేరుగా నగరేశ్వరరావు గారి ఇత్తడి సామాన్ల కొట్టుకి వెళ్ళాడు. నగరేశ్వరరావు గారు రాబోయే మునిసిపల్ ఎన్నికల్లో వార్డు సభ్యుడిగా నిలబడాలని చూస్తున్నారు. ఏ పార్టీ తరఫునో ఇంకా తేలలేదు గానీ, ప్రజాసేవ మాత్రం మొదలుపెట్టేశారు.

"ప్రెసిడెంటు గారూ, ఈ ఎక్స్‌టెన్షన్లన్నీ బయటుండడం ప్రమాదమండి. రేపు మురళీ చదువైపోయి ఫ్లాపీ పట్టుకుని వెళ్ళిపోతే?"

నగరేశ్వరరావు గారు బిందె దించి ఆలోచనలో పడ్డారు. "నిజమే సుమీ. బయట నిలబడి మద్దతిచ్చీవోడు ఎప్పుడు లాగేస్తాడో ఎవుడికి తెలుసు? ఢిల్లీలో సూస్తన్నాం కదా. లోపలికి లాగీసి ఏదో ఒక శాఖ ఇచ్చీయాలి. అప్పుడు కదలడు."

"అన్నీ కోర్‌లో కలిపేస్తానండి."

"నిమాయ్ దాదాది కూడానా?"

"అన్నీనండి."

"ఆలిస్ టీచరు గారిది?"

"మొత్తం."

నగరేశ్వరరావు గారి మొహం తోమిన ఇత్తడిలా మెరిసింది. సుభాష్‌పల్లి ఓట్లు, మిషన్ కాంపౌండ్ ఓట్లు, ఒరియా ఓట్లు అన్నీ ఒకే పెట్టెలోకి నడిచొస్తున్నట్టు కనిపించాయి. "హరనాథూ, నువ్వు ఇంత దూరం ఆలోసిస్తావనుకోలేదు. నీకు ఆ హాల్లోనే సన్మానం సేయించే పూచీ నాది," అన్నారు.

కార్యవర్గంలో చర్చ ప్రజాస్వామ్యబద్ధంగా జరిగింది. రిటైర్డ్ రైలు డ్రైవరు గణపతిరావు గారు ఒక్కరే అడ్డు చెప్పారు.

"ఇంజను ఇంజనే, పెట్టె పెట్టే. పేంట్రీ కారు కావాలంటే తగిలిస్తాం, అక్కర్లేకపోతే ఇప్పీస్తాం. దాన్ని తెచ్చి ఇంజన్లో వెల్డింగు సేయిస్తారేటండి?"

నగరేశ్వరరావు గారు లేచి, గణపతిరావు గారి సుదీర్ఘానుభవాన్ని కొనియాడి, వారిని అక్కడికక్కడే ఎక్స్‌టెన్షన్ల విలీన సంఘానికి చైర్మన్‌గా ప్రతిపాదించారు. గణపతిరావు గారు టీ తాగి, వెల్డింగులో కూడా రకాలున్నాయని ఒప్పుకున్నారు. తీర్మానం ఏకగ్రీవం. ఇకమీదట కల్యాణి ఒప్పుకుంటే తప్ప హాలు ఎవరికీ ఇవ్వరాదనీ, కల్యాణి అచ్చువేసిన కార్యక్రమాన్ని తు.చ. తప్పకుండా పాటించాలనీ ఇంకో రెండు తీర్మానాలు దానితో పాటే నెగ్గాయి.

మురళీ పేచీ పెడతాడని హరనాథ్ ఆశపడ్డాడు. పెడితే నాలుగు మాటలు అందామని సిద్ధం చేసుకున్నాడు కూడా. ఆ కుర్రాడు నవ్వి, ఫ్లాపీ చేతికిచ్చేశాడు.

"తీసుకోండి సార్, మీదే కదా. నా పేరు కూడా అక్కర్లేదు. ఒక్క మాట మాత్రం వినండి. మొదట్లో అడిగే ప్రశ్న ఉంది చూశారా, చూడాలా వద్దా అని? అది తియ్యకండి."

"ఎందుకు తీస్తాను?" అన్నాడు హరనాథ్.

తీశాడు. అన్ని ఎక్స్‌టెన్షన్లూ కలిపాక తెర మీద వరసగా ప్రశ్నలొచ్చాయి. పంచాంగం చూడాలా? పంజిక చూడాలా? లెంటు చూడాలా? కరెంటు చూడాలా? అతనికి ఎబ్బెట్టుగా తోచింది. బయటివాడైతే గుమ్మంలో నిలబడి రావచ్చా అని అడుగుతాడు. ఇంటి యజమాని అడుగుతాడా? ప్రభుత్వం ఎప్పుడైనా నిన్ను అడిగి రూలు పెట్టిందా? పైగా ప్రశ్న ఉన్నన్నాళ్ళూ పంచాంగం అనే పేరుంటుంది, ఆ పేరున్నన్నాళ్ళూ మురళీ ఉంటాడు. ప్రశ్నలన్నీ పీకేసి, ప్రతి తేదీకీ అన్నీ చూడాలని రాసి, అన్నీ సరేనంటేనే సరే అని ముగించాడు. తర్వాత పాత కల్యాణి ఉన్న ఫ్లాపీలు చెరిపేసి వాటి మీదే కొత్త కల్యాణిని ఎక్కించాడు. కంప్యూటర్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, విశ్వకర్మ పక్కన కూర్చోబెట్టారు. ప్రకటన సంగతి ముందే మనవి చేశాను.

పూజ అయిన వారానికే ఆలిస్ టీచరు చెల్లెలి పెళ్ళికి హాలు అడగడానికి వచ్చింది. వాళ్ళకి వీలున్న నెల చెప్పింది. కల్యాణి గంట మోగించి, హరనాథ్ పేరు నడిపించి, ఆషాఢం గనక కుదరదంది.

"మాకు ఆషాఢం ఏటండి, హరనాథ్ గారూ?"

"కోర్‌లో ఉందండి. అందరికీ ఒకటే."

నిమాయ్ దాదా మనవడి అన్నప్రాశనకి వచ్చాడు. పంజికలో దివ్యమైన రోజు. కల్యాణి లెంటు అంది.

"యే లెంట్ క్యా చీజ్ హై, హరనాథ్ బాబూ?" అన్నాడు దాదా నెమ్మదిగా, ఈ లెంటు ఏం వస్తువో అంతుపట్టక.

"అప్‌నా హీ సమ్‌ఝియే, దాదా," అని, అది కూడా మనదే అనుకోమన్నాడు హరనాథ్.

కన్యకాంబ గారికి ఇంకో మనవరాలి ఓణీలకి చైత్రంలో తేదీ కావాలి. బెంగాలీ చైత్రంలో శుభకార్యాలు కూడవంది కల్యాణి.

"మనం బెంగాలీలమేటి బాబూ?"

"ఇప్పుడు అందరం లోపలే ఉన్నామండి."

"లోపలుండి ఊపిరాడకపోతే బయటికి రావాలి కదా," అని ఆవిడ లేచి, ఫంక్షన్‌ని రైల్వే క్వార్టర్స్ మధ్య ఖాళీస్థలంలో షామియానా కిందకి మార్చేశారు.

ఒకరి మంచిరోజు ఇంకొకరి మూఢం. ఇద్దరికీ మంచిరోజైతే పిల్లల పరీక్షలు. పరీక్షలు లేకపోతే కరెంటు కోత. అన్నీ దాటుకుని ఏదైనా తేదీ గట్టెక్కిందా అంటే, ఒరియా వాళ్ళ పండగ పట్టుకునేది. హాలుకి తాళం పడింది. మామూలు మనుషులైతే కంగారుపడేవారే. నగరేశ్వరరావు గారు సర్వసభ్య సమావేశంలో నివేదిక చదివారు. కొత్త కల్యాణి వచ్చాక ఒకే రోజుకి రెండు పెళ్ళిళ్ళు పడిన ఉదంతం ఒక్కటీ లేదన్నారు. హాలు గోడల మీద పసుపు చేతుల మరకలు కూడా లేవన్నారు. ఇంత మతసామరస్యం పక్క వార్డులో చూపించమని సవాలు చేశారు. చప్పట్లు పడ్డాయి.

మురళీ ఒకరోజు ఆఫీసు గేటు దగ్గర హరనాథ్‌ని పట్టుకున్నాడు.

"సార్, నా దగ్గర పాత కల్యాణి కాపీ ఉందండి. నా ఫ్లాపీతో కలిపి అలాగే ఉంది. ఇప్పుడే ఇస్తాను. వేసేసుకోండి, పొద్దున్నే హాలు తెరుచుకుంటుంది."

హరనాథ్‌కి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాచాడు కూడా. అంతలో కన్యకాంబ గారు మళ్ళీ కుర్చీలో కూర్చుని మురళీ గారి ఫ్లాపీ ఏదని అడుగుతున్నట్టు కళ్ళకి కట్టింది. మురళీ వచ్చి బాగుచేశాడని ట్రాఫిక్ మొత్తం చెప్పుకుంటుంది. చాచిన చెయ్యి కుర్రాడి భుజం మీద వేసి తట్టాడు.

"అక్కర్లేదు బాబూ. కొత్తది ఇంకా కుదురుకోవాలి. పెద్ద ప్రోగ్రాములకి టైము పడుతుంది."

తను ఎంత అల్పుడో ఆ క్షణాన అతనికి స్పష్టంగా తెలిసింది. తెలిసినందుకు తన మీద తనకే కొంత గౌరవం కలిగింది. దానితో ఇంటికెళ్ళి ప్రశాంతంగా భోంచేశాడు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. తాళం వేసిన హాలు గురించి జనం గుసగుసలాడుతున్నారని నగరేశ్వరరావు గారికి తెలిసింది. హాలు నిండా దీపాలు వెలగాలి, నిండా జనం ఉండాలి. హరనాథ్‌ని పిలిపించారు.

"నీ సన్మానానికి టైమొచ్చింది. డేటు కొట్టు."

హరనాథ్ సన్మానం అని కొట్టి ఒక తేదీ ఇచ్చాడు. మూఢం అంది. ఇంకొకటి ఇచ్చాడు. పంజిక వద్దంది. వరసగా ఎన్నికల రోజుదాకా అన్నీ ఇచ్చాడు. కల్యాణి తన కన్నతండ్రిని కూడా అందరితో సమానంగా చూసింది.

"పోనీ ఒక్కపాలికి కల్యాణిని అడక్కుండా పెట్టీసుకుందామేటండి?" అన్నాడు హరనాథ్.

"తీర్మానం ఉంది కదా. ఎలక్షన్ ముందు మన కల్యాణి పని సెయ్యదని మనమే ఒప్పుకుంటామేటి? వేరే పేరు ఎట్టు. గృహప్రవేశం ఎట్టు."

కుదరదంది. బారసాల, షష్టిపూర్తి, బహుమతి ప్రదానం, అన్నీ కుదరవంది. జాబితా అడుక్కి వచ్చేశాక హరనాథ్ వేలు ఒక చోట ఆగింది. నగరేశ్వరరావు గారు వంగి చూశారు. సంతాప సభ.

పంచాంగం రాసిన మురళీ గానీ, పంజిక తెచ్చిన దాదా గానీ, లెంటు పెట్టిన టీచరు గానీ చావుకి అభ్యంతరం రాయలేదు. ఎవరు రాస్తారు? కల్యాణి ఒక్క గంట మోగించి, వచ్చే ఆదివారం ఖాళీ అంది. ఆ వెంటనే దివంగతుల పేరు అడిగింది. ఖాళీగా వదిలేస్తే ఒప్పుకోలేదు.

"నీ పేరు కొట్టు," అన్నారు నగరేశ్వరరావు గారు.

"ప్రెసిడెంటు గారూ..."

"శాలువా నీకే కప్పాల కదా. పేరు ఇంకొకడిది ఎలగుంటాది?"

ఆ వాదనలో హరనాథ్‌కి తప్పు దొరకలేదు. దొరికితే మురళీ దగ్గరికి వెళ్ళాల్సి వస్తుంది గనక గట్టిగా వెతకనూ లేదు. పేరు కొట్టాడు. ఆలిస్ టీచరు కార్యక్రమ పత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో ప్రింటర్లోంచి బయటికొచ్చింది.

లీలావతి ఆ కాగితం పైనుంచి కిందకి చదివి, కాసేపు మొగుడి మొహంలోకి చూసింది.

"నన్నేటి సీర కట్టుకోమంటారు?"

"మధ్యరకంగా ఏదైనా," అన్నాడు హరనాథ్.

ఆదివారం హాలు నిండిపోయింది. దీపాలు వెలిగాయి. తీర్మానం ప్రకారం, కాగితంలో ఉన్నట్టే ఒక బల్ల మీద హరనాథ్ ఫోటో, దానికి దండ, ముందు అగరొత్తులు. ఫోటో పక్క కుర్చీలో హరనాథ్. నగరేశ్వరరావు గారు శాలువా కప్పారు. ట్రాఫిక్‌కి తీరని లోటన్నారు. నిమాయ్ దాదా కళ్ళు తుడుచుకున్నాడు. ఇలాంటి మనిషి మళ్ళీ పుట్టడని ఆలిస్ టీచరు అంది. గణపతిరావు గారు ఇంజనుకీ పెట్టెకీ తేడా చెరిపేసిన మహనీయుడన్నారు. కన్యకాంబ గారు ముందు వరసలో కూర్చుని కల్యాణిని సేసినది ఈ బాబే అని పక్కావిడకి చెప్పారు. ఆ మాట వేదిక మీదికి వినిపించింది. చివర మురళీ లేచాడు.

"కల్యాణి పూర్తిగా ఆయనదేనండి. అందులో నాది ఒక్క ముక్క కూడా లేదు," అని కూర్చున్నాడు.

హరనాథ్ కళ్ళు నిండాయి. ఇన్నాళ్ళకి హాలంతా తన పేరే. ఇంకెవరి పేరూ లేదు. ఆ సంతోషంలో అతను గట్టిగా ఊపిరి పీల్చుకుంటూ ఉండగా, నగరేశ్వరరావు గారు కాగితంలో తర్వాతి అంశం చూసుకుని, ఇప్పుడు అందరూ రెండు నిమిషాలు మౌనం పాటించాలని కోరారు.

కుర్చీలు చప్పుడయ్యాయి. హాలంతా లేచి తలలు వంచింది. తనొక్కడే కూర్చుని ఉంటే మర్యాదగా ఉండదనిపించి, శాలువా జారకుండా రెండు చేతులతో పట్టుకుని, హరనాథ్ కూడా లేచి నిలబడ్డాడు.